వాయించువారి ఓటు

పాశ్చాత్యుల పెద్ద ఆర్కెస్ట్రాలలో ప్రధాన కండక్టరు పదవి ఖాళీ యైనప్పుడెల్ల, క్రొత్తవాడెవడను ఊహాగానము పత్రికల నాక్రమించుకొనునే గాని, వానిని నియమించు హక్కెవరిదను ప్రశ్న అంతగా వినబడదు. నాకా రెండవదియే ముఖ్యముగ తోచుచున్నది. మన కచేరీలో పాడువాడే ప్రధానుడు. మృదంగము, వయొలిన్ ఆయన మనోధర్మము ననుసరించి నడచును. అచ్చటనో, నూరుమంది వాయించుచుండగా తానొక్క స్వరమైనను పలికింపనివాడే వారందరికి అధిపతి. అట్టివాని నెన్నుకొను అధికారము విరాళము లిచ్చు ధనికులకో, ప్రభుత్వమునకో గాక, వాని కనుసన్నలలో వాయింపవలసినవారికే యుండవలెనని నా మతము.

ఈ నీతిని బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వలె పట్టుదలతో పాటించిన బృందము లరుదు. బిల్జె యను నాయకుని కొలువులో విసిగి విడివడిన వాద్యకారులు 1882లో దానిని స్థాపించిరి. యజమానిని వదలి వచ్చినవారి వారసులు యజమానిని తామే యెన్నుకొనుటలో వింత యేమున్నది? ప్రధాన కండక్టరు సర్ సైమన్ రాటిల్ తరువాత ఎవరన్నది తేల్చుటకు 2015 మే 11న, 120 మందికి పైబడిన ఆ వాద్యకారులు, ఒకప్పుడా పదవిలో నున్న కారయాన్ కాలమున ఎన్నో రికార్డింగులు జరిగిన డాలెమ్ చర్చిలో సమావేశమై, సెల్‌ఫోనులను సైతము అప్పగించి, ఉదయము మొదలు రాత్రి వరకు వాదించుకొని, తుదకు ఎవరిని నిర్ణయింపజాలకపోతిమని ప్రకటించిరి. లోకము పరిహసించినది. అలసట కొద్దీ ఎవరో యొకరి పేరు చీటిపై వ్రాసి యిండ్లకు పోకపోవుట వారి గౌరవమునే పెంచినదని నేననుకొందును.

జూన్ 21న మరల కూడి వారెన్నుకొన్నది, పత్రికలు జపించిన థీలెమాన్‌ను గాదు, నెల్సన్స్‌ను గాదు. రష్యాలోని ఓమ్స్క్‌లో 1972లో జన్మించి, యౌవనారంభమున ఆస్ట్రియా చేరి, అప్పట్లో మ్యూనిక్‌లోని బవేరియా రాజ్య ఒపేరాను నడపుచున్న కిరిల్ పెట్రెంకోను. అప్పటికి ఆయన రికార్డులు అత్యల్పము. విలేఖరులతో మాటాడుట అంతకంటెను అల్పము. ఆ బృందముతో అంతకు ముందు మూడు పర్యాయములే పనిచేసియుండెను. కీర్తిని తూచి నియమించు ఏ పాలకమండలియు ఆయన వంక చూచియుండెడిది కాదేమో! రిహార్సల్ గదిలో ఒక్కొక్క పదబంధమును విప్పి కూర్చు ఆయన నేర్పు ప్రేక్షకులకు కనబడునది కాదు, వాయించినవారికే తెలియును. మ్యూనిక్ బాధ్యతల వలన ఆయన 2019 వరకు పూర్తిగా రాలేడని తెలిసియు వారు నిరీక్షించుటకు సిద్ధపడిరి.

అట్లని ఓటు దోషరహితమని నేననను. కారయాన్ మెచ్చిన క్లారినెట్ విదుషి జబీనే మైయర్‌ను బృందములో చేర్చుకొనుటకు జరిగిన ఓటులో 73 మంది కాదనగా నలుగురు మాత్రమే ఔననిరి. ఆమె నాదము తమ నాదముతో కలియదని వారు చెప్పిన కారణము. కాని నూరేండ్ల వయస్సు వచ్చిన ఆ బృందము మొట్టమొదటి స్త్రీని చేర్చుకొన్నది 1982లోనే యన్న సంగతి మరచి దానిని విశ్వసించుట కష్టము. ఆ తగవు కారయాన్‌కును బృందమునకును మధ్య మానని చీలికను తెచ్చినది. ఐనను పొరపాటు తమదైనప్పుడు దాని ఫలమును ప్రతిదినము అనుభవించువారును తామే యగుదురు. పాలకమండలి సభ్యులకా దండన లేదు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ వారు 1933 నుండి శాశ్వత కండక్టరే లేకుండ అతిథులతో గడుపుచున్నారు గాని, అందరికది సాధ్యము గాదు.

నేటి జాడ్యము వేఱు. 1996లో జన్మించిన క్లాస్ మాకెలా 2027లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాకును, చికాగో సింఫనీకిని ఒక్కసారిగ అధిపతి కానున్నాడు. ఆయన ప్రతిభను గాని, వయస్సును గాని నేను శంకించుట లేదు. ఇరువదియారవ యేట లాస్ ఏంజెలెస్ బృందమును చేపట్టిన మన జుబిన్ మెహతా ఉండగా శంకించుట తగదు కూడ. కాని అట్లాంటిక్ సముద్రమున కిరుప్రక్కల రెండు మహాబృందములను మోయువాడు, రాజీనామా చేయువారి స్థానమున ఎవరిని తీసికొనవలెను, ఏ వాద్యవిభాగము బలహీనపడినది, క్రొత్త రచనలకు చోటెంత యను సంగతులను విమానప్రయాణముల నడుమ ఎట్లు చూడగలడు? ప్రధాన కండక్టరు పదవి రెండు కచేరీల ఒప్పందము గాదు. ఇకమీద వాద్యకారులు తమ ఓటుతో పాటు ఒక షరతును కూడ వ్రాయింపవలెను: వచ్చువాడు మరియొక బృందమునకు ప్రధానుడై యుండరాదు. పెద్ద పేరుగలవారు కొందరు దీనికి సమ్మతింపరు. సమ్మతింపనివారిని విడిచిపెట్టుటయే మేలు.