బల్లభ్‌గఢ్ వంశావళిలో రైతు పేరెక్కడ?

బల్లభ్‌గఢ్ చివరి రాజు నాహర్ సింగ్‌ను బ్రిటిష్ ప్రభుత్వం 1858 జనవరి 9న ఢిల్లీ చాందినీ చౌక్‌లో బహిరంగంగా ఉరితీసింది. పాతికేళ్లు గడిచాక అదే ప్రభుత్వం ఢిల్లీ జిల్లా గెజిటీరు అచ్చువేస్తూ, ఆ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారు, ఎవరి చేతిలో ఎవరు చచ్చారు అన్నదంతా సంవత్సరాలతో సహా రాసిపెట్టింది. ఇవాళ ఆ వంశం గురించి ఎవరేం రాసినా చాలావరకు అందులోంచి ఎత్తుకున్నదే. ఉరితీసిన ప్రభుత్వం దగ్గరే ఉరికెక్కినవాడి వంశచరిత్ర భద్రంగా ఉంది. ఆ రాజు పొలాలు దున్నిన వాళ్ల చరిత్ర మాత్రం ఆ గెజిటీరులో లేదు.

బల్లభ్‌గఢ్ ఇప్పుడు హరియాణాలోని ఫరీదాబాద్ జిల్లాలో భాగం. ఢిల్లీ మెట్రో వయొలెట్ లైను 2018 నవంబరు 19న అక్కడిదాకా పొడిగించినప్పుడు స్టేషనుకు రాజా నాహర్ సింగ్ పేరే పెట్టారు. ఫరీదాబాద్ క్రికెట్ స్టేడియానికీ ఆయన పేరే. కోటలోని మహల్‌ను హరియాణా పర్యాటక శాఖ చూసుకుంటోంది. పేరుకు గౌరవం దక్కింది, సంతోషమే. కానీ ఆ పేరు వెనక ఉన్న జమీను సంగతి తెలియకపోతే ఆయన ఉరి కూడా సగమే అర్థమవుతుంది.

ఈ కుటుంబానికి అసలు ఆస్తి భూమి కంటే ముందు దారి. ఢిల్లీ నుంచి పల్వల్, మథుర మీదుగా ఆగ్రా వెళ్లే రహదారి అది. జహంగీరు కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో ఫరీదాబాద్‌ను కట్టించింది కూడా ఆ దారిని కాపాడటానికే. దాదాపు వందేళ్ల తర్వాత, 1705 ప్రాంతంలో, తెవాతియా గోత్రపు జాట్ గోపాల్ సింగ్ అలావల్‌పూర్ అనే ఊరు వదిలి బల్లభ్‌గఢ్ పక్కనున్న సీహీ గ్రామంలో కాపురం పెట్టాడు. సూరదాసు పుట్టిన ఊరని స్థానికులు చెప్పుకునేది ఆ సీహీనే. గోపాల్ సింగ్ ఆ దారిన పోయేవాళ్లను కొల్లగొడుతూ బలపడి, తిగావ్ గుజ్జర్లతో చేతులు కలిపి ఆ చుట్టుపక్కల చౌదరిగా ఉన్న అంజాద్‌ను చంపాడు. ఫరీదాబాద్‌లోని మొగలు అధికారి ముర్తజా ఖాన్ అతన్ని శిక్షించలేక, 1710లో అతన్నే ఆ పరగణాకు చౌదరిని చేశాడు. వసూలయ్యే శిస్తులో రూపాయికి అణా చొప్పున అతని వాటా. వంశం తొలి ఆదాయం అదే. కొల్లగొట్టేవాణ్ని కాపలాదారుగా పెట్టుకోవడం కేంద్రం బలహీనపడిన ప్రతి కాలంలోనూ జరిగింది. మన పాలెగాళ్ల కావలి హక్కులూ ఇలా పుట్టినవే.

గోపాల్ సింగ్ కొడుకు చరణ్ దాస్ వసూలు చేసిన శిస్తును ఢిల్లీకి పంపడం మానేశాడు. ముర్తజా ఖాన్ అతన్ని పట్టి ఫరీదాబాద్‌లో ఖైదు చేశాడు. అప్పుడు చరణ్ దాస్ కొడుకు బల్‌రామ్ తండ్రిని విడిపించుకోవడానికి సొమ్ము కడతానని కబురు పెట్టాడు. బండ్ల మీద సంచులొచ్చాయి. విప్పి చూసిన సంచిలో వెండి రూపాయలే ఉన్నాయి. మిగతా వాటిలో రాగి పైసలు. కాపలావాళ్లు అది గ్రహించేలోపు తండ్రీకొడుకులు గుర్రాలెక్కి భరత్‌పూర్ జాట్ల అండకు చేరిపోయారని కథనం. తర్వాత ముర్తజా ఖాన్ వాళ్ల చేతిలోనే చచ్చాడు. బల్‌రామ్‌నే జనం బల్లూ అన్నారు. కోట అతను కట్టించిందే, ఊరికి పేరూ అతనిదే. 1753 నవంబరులో అతన్ని చంపింది ముర్తజా ఖాన్ కొడుకు ఆకిబత్ మహమూద్. వంశావళిలో రెండు కుటుంబాల పేర్లు ఇలా నెత్తుటితో పెనవేసుకుపోయాయి.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పుకోవచ్చు. బల్లూ కొడుకులు కిషన్ సింగ్, బిషన్ సింగ్ భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ చలువతో కోట నిలబెట్టుకున్నారు. 1775లో ఢిల్లీ దర్బారు ఈ జాగీరును అజిత్ సింగ్‌కు అప్పగించింది. 1793లో సొంత తమ్ముడే అజిత్ సింగ్‌ను చంపాడు. 1803లో ఢిల్లీ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు అతని కొడుకు బహదూర్ సింగ్‌కు జాగీరు ఖాయమైంది. షరతు ఒక్కటే: ఢిల్లీ నుంచి పల్వల్ దాకా రహదారి మీద పోలీసు బాధ్యత ఆయనదే. మళ్లీ అదే దారి. 1806 నుంచి 1829 మధ్య గద్దె నాలుగైదు చేతులు మారింది. పసివాడుగా రాజై సంతానం లేకుండా పోయిన సాహిబ్ సింగ్ తర్వాత బాబాయి రామ్ సింగ్, ఆయన తర్వాత 1829లో చిన్న వయసులో నాహర్ సింగ్.

1857లో ఢిల్లీకి దక్షిణ దారి ఆయన చేతిలో ఉంది. బహదూర్ షా దర్బారుతో ఉత్తరాలు నడిపాడని, తిరుగుబాటుదార్లకు తోడ్పడ్డాడని సైనిక కమిషన్ విచారించి శిక్ష వేసింది. ఇదే కారణంతో ఝజ్జర్ నవాబును 1857 డిసెంబరు 23న, ఫరూఖ్‌నగర్ నవాబును 1858 జనవరి 23న ఉరితీశారు. నెలరోజుల్లో ఢిల్లీ చుట్టూ మూడు వంశాలు నేలకూలాయి. పంజాబ్‌లో ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచిన పాటియాలా, జింద్, నాభా రాజులకు ఝజ్జర్, దాద్రీ నవాబుల భూములు పంచిపెట్టారు. కపుర్తలా రాజుకు అవధ్‌లో ఎస్టేట్లు దక్కాయి. బల్లభ్‌గఢ్ జప్తయి ఢిల్లీ జిల్లాలో ఒక తహసీలుగా మిగిలింది. 1912లో ఢిల్లీ విడి రాష్ట్రమైనప్పుడు ఆ తహసీలులో చాలా భాగం గుడ్‌గావ్ జిల్లాకు పోయింది. 1979 ఆగస్టు 15న ఫరీదాబాద్ జిల్లా ఏర్పడింది.

1865లో లెపెల్ గ్రిఫిన్ పంజాబ్ సర్దార్ల వంశచరిత్రలను పెద్ద గ్రంథంగా తెచ్చాడు. దాన్ని చాలాసార్లు పెంచి, దిద్ది అచ్చువేశారు. ఆ పరంపరలో చోటు దక్కడమంటే దర్బారులో కుర్చీ దక్కడమే. భూమి ఉన్నవాడికే వంశవృక్షం. భూమి పోయినవాడి వంశం గెజిటీరులో ఒక పేరాకు తగ్గిపోతుంది.

ఈ పని ఇంగ్లీషువాళ్లు ఇంటి దగ్గరే నేర్చుకున్నారు. భూస్వామ్య కుటుంబాల వంశావళులకు ఇప్పటికీ ప్రమాణంగా చెప్పే గ్రంథమాలను మొదలుపెట్టిన జాన్ బర్క్ ఐర్లండ్‌లోని టిపరరీ ప్రాంతంవాడు. అదే టిపరరీ నుంచి వచ్చిన మరొకడు జార్జ్ థామస్. మద్రాసులో ఓడ దిగి పారిపోయి, దక్షిణాది పాలెగాళ్ల దగ్గర కొలువు చేసి, బేగం సమ్రూ సైన్యం మీదుగా ఎదిగి 1797-98 నాటికి హరియాణాలోని హాన్సీలో సొంత రాజ్యమే పెట్టాడు. 1801లో ఓడి, 1802లో చనిపోయాడు. ఐర్లండ్‌లో భూస్వాముల పెత్తనం చూసి పెరిగినవాడికి ఇక్కడ భూస్వామి కావడం తెలియని విద్యేమీ కాదు.

ఐర్లండ్ కథలో మనం పట్టించుకోవాల్సిన భాగం ఆ తర్వాతది. 1840ల కరవు భూస్వాములను అప్పుల్లో ముంచింది. 1849 చట్టంతో ఎస్టేట్లు వేలానికొచ్చాయి. 1903 చట్టం కౌలుదార్లే భూమి కొనుక్కునే వీలు కల్పించింది. 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు కార్యాలయం తగలబడి వీలునామాలు, జనాభా లెక్కలు బూడిదయ్యాయి. అయినా అమెరికా వలసపోయిన ఐరిష్ కౌలుదార్ల మనుమలు ఇవాళ తాతల ఊరు కనుక్కోగలుగుతున్నారు. ఎలాగంటే, పన్ను వేయడానికి 1847 నుంచి 1864 దాకా జరిపిన గ్రిఫిత్ మదింపులో గుడిసెలో ఉన్నవాడి పేరు కూడా రాశారు. ఎస్టేట్ల కౌలు చిట్టాలు జాతీయ గ్రంథాలయానికి చేరాయి. 1901, 1911 జనాభా లెక్కలను ప్రభుత్వం ఉచితంగా ఇంటర్నెట్లో పెట్టింది. దొర తన లాభం కోసం రాయించుకున్న చిట్టా చివరికి కౌలుదారు మనుమడికి ఆధారమైంది. ఎస్టేటు కాగితాలు భద్రపరచడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు.

మరి బల్లభ్‌గఢ్ రైతుకు ఏముంది? బ్రిటిష్ బందోబస్తు ఇక్కడ ఊరూరికీ ‘షజరా నసబ్’ అనే వంశవృక్షం గీయించింది. పట్వారీ దగ్గర ఉండే ఆ కాగితంలో పైన మూలపురుషుడు, కింద కొడుకులు, మనుమలు, ఎవరి వాటా ఎంతో లెక్క. బిడ్డలు లేకుండా పోయినవాడి పేరు దగ్గర ‘లావల్ద్’ అని రాసి ఆ గీత అక్కడ ఆపేస్తారు. వాటా పక్క గీతలకు పోతుంది. హక్కుల రికార్డైన జమాబందీ తిరగరాసినప్పుడల్లా ఈ చెట్టుకు కొత్త కొమ్మలు చేరతాయి. పహాణీ, పట్వారీ, విరాసత్ మాటలతో పెరిగిన తెలంగాణ పాఠకులకు ఇదంతా కొత్తేం కాదు.

రాజుల వంశావళి కంటే ఇది మెరుగే, సామాన్య జాట్, గుజ్జర్ రైతులు కూడా ఇందులో ఉన్నారు. కానీ ఇది భూమి యజమానుల చెట్టు. తరతరాలుగా ఆడపిల్లల పేర్లు దీనిలోకి ఎక్కలేదు. కౌలుకు దున్నేవాడు పంటల చిట్టాలో ఒక వరుసలో కనిపిస్తాడే తప్ప వంశవృక్షంలో ఉండడు. కుమ్మరి, వడ్రంగి, చర్మకారుడు ఊళ్లో ఇల్లున్నా ‘గైర్ మాలిక్’లే. పైగా 1900 నాటి పంజాబ్ భూ బదలాయింపు చట్టం వ్యవసాయ కులాల జాబితా కట్టి, ఆ జాబితాలో లేనివాడు ఆ కులాలవారి పొలం కొనకుండా చేసింది. వడ్డీ వ్యాపారి నుంచి రైతును కాపాడటం దాని ఉద్దేశం. భూమిలేని దళితుడు కూడా దాని కిందే నలిగాడు. చెట్టులో లేనివాడు చెట్టులోకి వచ్చే దారి చట్టమే మూసింది. 1951దాకా ఆ నిబంధన నడిచింది.

దీని ఫలితం ఇప్పటి ఫరీదాబాద్‌లో డబ్బు రూపంలో కనిపిస్తుంది. దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు నుంచి వచ్చిన శరణార్థుల కోసం రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షతన బోర్డు వేసి కొత్త పారిశ్రామిక పట్టణం కట్టారు. తమ ఊరు, తమ కాగితాలు వదిలి వచ్చినవాళ్లు తమ చేతులతోనే ఆ ఇళ్లు కట్టుకున్నారు. మన నగరాల్లో అంత గొప్ప ఆరంభం ఉన్నవి తక్కువ. ఆ తర్వాత సెక్టార్ల కోసం, ఫ్యాక్టరీల కోసం పొలాలు సేకరించిన ప్రతిసారీ పరిహారం జమాబందీ పేర్లకే వెళ్లింది. చెట్టులో కొమ్మ ఎంత సన్నబడితే చెక్కు అంత చిన్నదైంది, అయినా వచ్చింది. దున్నినవాడికి ఏమీ రాలేదు. కౌలుదార్లను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించిన చట్టం 2013లో గాని రాలేదు. దాని కింద తమ హక్కు చూపాలన్నా వాళ్ల దగ్గర కాగితం ఉండాలి కదా!

మన దగ్గర తేడా ఏమైనా ఉందా? వెలుగోటివారి వంశావళిని మద్రాసు విశ్వవిద్యాలయం 1939లోనే అచ్చువేసింది. వెంకటగిరి, బొబ్బిలి, విజయనగరం జమీందార్ల పరంపర చెప్పడానికి భట్రాజులు, కైఫీయత్తులు, కోర్టు తీర్పులు బోలెడు. నాహర్ సింగ్ ఉరికి దాదాపు పదకొండేళ్ల ముందు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంశం గురించి మనకు తెలిసినదంతా కూడా ఆయనకు రావలసిన పదకొండు రూపాయల చిల్లర పింఛను లెక్క, కంపెనీ ఉత్తరాల పుణ్యమే. ఆయన వెంట నడిచిన వందలాది మంది బోయల, కాపుల పేర్లు ఎంతమందికి తెలుసు? 1948 చట్టంతో జమీందారీలు రద్దయినప్పుడు భూమి సర్కారుకు, రైతుకు వచ్చింది. దివాణాల చిట్టాలు మాత్రం చాలాచోట్ల చెదలకు పోయాయి. 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారును వదిలేసిందంటే కారణం డబ్బు లేక కాదు, రికార్డులో పేరు లేక. ఆంధ్రప్రదేశ్‌లో 2011, 2019 చట్టాలు సాగుదారుకు కార్డు ఇవ్వబోయాయి, కానీ యజమాని సంతకం అడిగే దగ్గర 2019 చట్టం చతికిలబడింది.

ఆడపిల్లల విషయంలో మాత్రం తెలుగునేల ముందు నడిచింది. కూతురికి పుట్టుకతోనే వారసత్వ హక్కు 1986 సవరణతో ఇక్కడ వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కానీ పసుపు కుంకుమల పేరుతో అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రాలు రాయించుకోవడం ఇక్కడా, అక్కడా ఆగలేదు.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కలెక్టరేట్ల రికార్డు గదుల్లోని ఇనాం రిజిస్టర్లు, సేత్వార్లు, పాత అడంగళ్లు, ఎస్టేట్ల కౌలు చిట్టాలు వరసబెట్టి స్కాన్ చేయాలి. యజమాని పేరుతో పాటు సాగుదారు పేరుతో కూడా వెతుక్కునేలా సూచిక తయారు చేయాలి. అర్జీ, లంచం లేకుండా ఎవరైనా చూడగలగాలి. హరియాణా ప్రభుత్వం కూడా బల్లభ్‌గఢ్ తహసీలు పాత బందోబస్తు పత్రాలతో ఇదే చేయాలి. రాజు పేరు స్టేషనుకు పెట్టినంత శ్రద్ధ దానిమీదా పెట్టవచ్చు. అప్పటిదాకా, మీ ఇంట్లో తాతల నాటి శిస్తు రసీదో, దివాణం దాఖలానో, కౌలు కాగితమో ఉంటే పాత సామాన్లతో పాటు పారేయకండి. ఫొటో తీసి, తేదీ, ఊరు రాసి, ఇంట్లో కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ ఇచ్చి ఉంచండి.