శిలాక్షరాల సొగసు: చీనా దృష్టి, రేనాటి వ్రాతలు

కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్లకు చేరువనున్న కలమళ్ల శాసనం పేరు వినని తెలుగు విద్యార్థి అరుదు. క్రీ.శ. 575 ప్రాంతపుదని పండితులు నిర్ణయించిన ఈ రేనాటి చోళ శాసనంలోని విభక్తులు, క్రియారూపాలు, రాజనామాలు ఎంత చర్చకు వచ్చాయో విదితమే. ఆ అక్షరాలను తీర్చిన చేయి మాత్రం చర్చకు రాలేదనే చెప్పాలి. మన లిపిశాస్త్రం అక్షరాన్ని కాలనిర్ణయానికి సాధనంగా చూసిందే గాని, కళాకృతిగా చూడలేదు.

చీనా దేశంలో స్థితి ఇందుకు భిన్నం. అక్కడ లేఖనం చిత్రకళకు తోబుట్టువు. కుంచె, సిరా, కాగితం, సిరా నూరే రాయి అనే నాలుగూ పండితుని గదిలో నిధులుగా మన్నన పొందాయి. క్రీ.శ. 353లో వాంగ్ షీజీ ఒక కవిగోష్ఠి సంపుటికి వ్రాసిన పీఠిక మూలప్రతి నేడు లేదు. అయినా తరువాతివారు తీసిన ప్రతుల ద్వారా, శిలలపై చెక్కిన ప్రతిరూపాల ద్వారా ఆ వ్రాత తరతరాలకు ఒరవడి అయింది. తడి కాగితాన్ని శిలపై అదిమి సిరా అద్ది అచ్చు తీయడం మన శాసన పరిశోధకులకూ నిత్యకృత్యమే. అక్కడ ఆ అచ్చును ముందుంచుకొని విద్యార్థి చేయి దిద్దుకుంటాడు. ఇక్కడ పాఠం చదవడం ముగియగానే అచ్చు చుట్టచుట్టి అటకెక్కుతుంది.

ఒక్క పోలిక చాలు. షియాన్ నగరంలోని శిలాశాసన సంగ్రహాలయంలో క్రీ.శ. 752 నాటి బౌద్ధస్తూప శాసనమొకటి ఉన్నది. రచించినవాడు చెన్ షున్, అక్షరాలు వ్రాసినవాడు యెన్ జెన్‌చింగ్. లోకం స్మరించేది రెండవవానిని. మన నందంపూడి శాసనం తుదిని రచయిత నన్నయభట్టు పేరు, లేఖకుడు గండాచార్యుని పేరు రెండూ ఉన్నాయి. నన్నయను గురించి గ్రంథాలు వెలువడ్డాయి. గండాచార్యునికి సాహిత్య చరిత్రలో ఒక వాక్యం దక్కితే గొప్ప.

మనది కుంచె సంప్రదాయం కాదు గనుక ఈ పోలిక పొసగదని కొందరనవచ్చు. తాటియాకుపై గంటంతో గీచి, మసి పూసి తుడిచే వ్రాతలో కుంచె చూపే లావుసన్నాల హొయలుండవన్నది నిజమే. తాళ్లపాకవారి రాగిరేకులలోనూ గీత ఒక్క తీరునే సాగుతుంది. అయితే సొగసంతా సిరాలోనే ఉన్నదనుకోవడం తొందరపాటు. వట్రువుడి తిరిగే వంపు, తలకట్టు వాలు, పంక్తుల నడుమ విడిచిన ఎడము, రాతి పగులును తప్పించుకొని అక్షరం నిలిపిన నేర్పు - ఇవన్నీ పరిశీలనకు అర్హమైనవే. తాటియాకు చినుగుతుందనే మన అక్షరాలు గుండ్రనయ్యాయన్న వాదం తరచు వినవస్తుంది. అదే సత్యమైతే ఆకు కాని రాతిమీద శిల్పి ఆ వంపులనే ఏల వలచాడు? ఆకుమీది అలవాటు రాతికెక్కిందా, లేక చెక్కేవాని కంటికి ఆ రూపమే ఇంపైనదా? వంశక్రమాలను శోధించినంత శ్రద్ధతో శోధించవలసిన ప్రశ్న ఇది.

ఆలయ ప్రాంగణాలలో ఎండకు, వానకు, సున్నపు పూతకు గురై శిలాక్షరాలు అరిగిపోతున్నాయి. పాఠం అచ్చయింది కదా అన్న ధీమాలో రూపం జారిపోతున్నది. ఇకపై శాసనం ప్రకటించేవారు పాఠంతోపాటు అక్షరాలు స్పష్టంగా కనిపించే పెద్ద ఛాయాచిత్రాన్నీ, లేఖకుని పేరుంటే దాని చర్చనూ చేర్చడం అవసరం. ప్రాచ్య కళాశాలలలో లిపి చెప్పేవారు విద్యార్థిచేత చదివించడమే కాక ఒక పంక్తినైనా దిద్దించాలి. దిద్దిన చేతికే గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో తెలుస్తుంది.

కడపకు మరొక బాధ్యత కూడా ఉన్నది. 1820లో ఇక్కడికి వచ్చిన సి.పి. బ్రౌను తన బంగళాలో పండితులను, లేఖకులను కూర్చి తాళపత్ర గ్రంథాలకు కాగితంపై శుద్ధప్రతులు వ్రాయించాడు. గంటానికి అలవాటైన తెలుగు అక్షరం కలానికి మారిన తీరు ఆ ప్రతులలో కనిపించాలి. బ్రౌను సేకరణలో అధికభాగం మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. అందలి ప్రతులను గ్రంథనామాన్ని బట్టి గాక వ్రాసిన చేతిని బట్టి వర్గీకరించే పనికి ఒక పరిశోధక విద్యార్థి పూనుకొంటే, అది పిహెచ్.డి.కి చాలినంత పని.