సొంత లారీ: మరచిన కూలి లెక్క



సొంత లారీని యజమానే నడుపుకుంటే డ్రైవరు జీతం మిగిలి, ఆ మిగులుతోనే కిస్తీ తీరుతుందని గత సంచికలోని వ్యాసం తేల్చడం సరికాదు. తన శ్రమకు జీతం, బత్తా కట్టుకోని యజమాని లాభమని మురిసేది నిజానికి తన కూలినే. బండి కదలకున్నా తప్పని కిస్తీ, బీమా, పన్ను, ఏటా 16,500 రూపాయల నేషనల్ పర్మిట్ రుసుము స్థిర వ్యయాలు కాగా, తిరిగే కొద్దీ పెరిగే డీజిల్, టోలు, టైర్ల అరుగుదల చర వ్యయాలు. విజయవాడ నుంచి హైదరాబాదుకు వెళ్లిరావడం సుమారు 550 కిలోమీటర్లు అనుకుంటే, లీటరుకు 4 కిలోమీటర్లిచ్చే లారీకి దాదాపు 137 లీటర్లు చాలుతాయి. గాలి తగ్గిన టైర్ల వల్లనో, మితిమీరిన వేగం వల్లనో మైలేజీ మూడున్నరకు పడితే 157 లీటర్లు కావాలి. తిరుగు లోడు కోసం హైదరాబాదు ఆటోనగర్‌లో రెండు రోజులు ఆగిన బండికి చర వ్యయం ఉండదు గాని కిస్తీ ఆగదు. వ్యాసం ఈ ఊసే ఎత్తలేదు. పైగా లోడెత్తినప్పుడు చేతికొచ్చేది బ్రోకరు కమీషను పోగా మిగిలిన అడ్వాన్సే. బాకీ బాడుగ సరుకు ముట్టినట్టు సంతకమైన రసీదు చేరాక గాని రాదు కాబట్టి, ఆ నడుమ డీజిల్‌కు అప్పు తెచ్చి కట్టే వడ్డీని కూడా ట్రిప్పు ఖర్చులోనే రాసుకోవాలి.

— ఒక పాఠకుడు, విజయవాడ