బ్యాంకు బీమా వేరు, షేర్ల రక్షణ వేరు



ఆమధ్య మా పిన్ని ఫోన్ చేసింది. బాబాయి పోయాక వచ్చిన 12 లక్షలూ ఒకే బ్యాంకులో వేసుకుంది. "బ్యాంకు మునిగితే 5 లక్షలే ఇస్తారటగా. షేర్ల ఖాతాలో అయితే అంతకన్నా ఎక్కువకే ఇన్సూరెన్సు ఉందని మా వాడి స్నేహితుడు చెబుతున్నాడు. అందులోకి మార్చెయ్యనా?" అని అడిగింది. "తొందరపడకు పిన్నీ, రెండూ ఒకటి కాదు" అన్నాను. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను.

ముందు బ్యాంకు సంగతి. మన డిపాజిట్లకు బీమా ఇచ్చేది రిజర్వు బ్యాంకుకు చెందిన డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్. ప్రీమియం బ్యాంకే కడుతుంది, మనం పైసా కట్టనక్కరలేదు. 2001లో జంటనగరాల్లో కృషి బ్యాంకు మునిగినప్పుడు ఈ బీమా హద్దు లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరిలో దాన్ని 5 లక్షలు చేశారు. బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి డబ్బు తీసుకోనివ్వకపోతే, 90 రోజుల్లో ఈ సొమ్ము అందేలా 2021లో చట్టం మార్చారు.

"నేను మూడు బాండ్లుగా చేయించానే, ఒక్కోటీ నాలుగు లక్షలే కదా!" అంది పిన్ని. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒకే బ్యాంకులో ఒకే పేరు మీద ఎన్ని బాండ్లున్నా, ఎన్ని బ్రాంచీల్లో ఉన్నా, సేవింగ్సుతో సహా అన్నీ కలిపి 5 లక్షలే. అదీ అసలూ వడ్డీ కలిపి. అదే బ్యాంకులో మనకు అప్పుంటే అది మినహాయించుకోవచ్చు. వేరే బ్యాంకులో వేస్తే దానికి మళ్ళీ విడిగా 5 లక్షలు. మన ఒక్కరి పేరు మీదున్న ఖాతానూ, భర్తతో కలిసి తీసిన జాయింటు ఖాతానూ కూడా విడివిడిగానే లెక్కేస్తారు. సహకార బ్యాంకులకూ ఈ బీమా ఉంది. చిట్టీలకు, కంపెనీ డిపాజిట్లకు, ఊళ్ళో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో దాచిన డబ్బుకు మాత్రం లేదు.

ఇక షేర్ల సంగతి. మనం కొన్న షేర్లు బ్రోకరు బీరువాలో ఉండవు. డీమ్యాట్ ఖాతాలో మన పేరు మీదే ఉంటాయి. బ్రోకరు దుకాణం మూసేసినా అవి మనవే, ఇంకో బ్రోకరు దగ్గరికి మార్చుకోవచ్చు. చిక్కల్లా బ్రోకరు వాటిని మాయం చేస్తేనే. హైదరాబాదులోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను తన అప్పులకు తాకట్టు పెట్టిందని 2019 నవంబరులో సెబీ చర్య తీసుకుంది. తర్వాతి నెలలో 80 వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లు వాళ్ళ ఖాతాలకు తిరిగొచ్చాయి. అలా తిరిగి రాని వాళ్ళ కోసం స్టాక్ ఎక్స్ఛేంజీల దగ్గర ఇన్వెస్టర్ల రక్షణ నిధి ఉంటుంది. బ్రోకరు చేతులెత్తేశాడని ఎక్స్ఛేంజీ ప్రకటించాక, మనం దరఖాస్తు పెట్టుకుంటే, కాగితాలు చూసి, ఒక హద్దు వరకు ఇస్తారు.

ఇక్కడే అసలు తేడా ఉంది. బ్యాంకులో వేసిన 4 లక్షలు 4 లక్షలుగానే లెక్క. షేర్లలో అలా కాదు. వంద రూపాయలకు కొన్న షేరు అరవైకి పడిపోతే ఆ నలభై ఏ నిధీ ఇవ్వదు. ఆ రక్షణ దొంగతనానికే గాని నష్టానికి కాదు. "నాకివ్వండి, నెలకింత గ్యారంటీగా ఇస్తాను" అనే బ్రోకరు మాట నమ్మి ఇచ్చిన డబ్బుకూ అందులో చోటు లేదు.

"అయితే నా నెల ఖర్చుల డబ్బు అక్కడ పెట్టకూడదన్నమాట" అంది పిన్ని. గడువు ముందే తీస్తే వడ్డీ తగ్గుతుంది కనుక, ఒక్కో బాండు గడువు తీరినప్పుడు ఒక్కో బ్యాంకుకు మార్చమన్నాను. వడ్డీ మూడు నెలలకోసారి తీసుకుంటే ఎక్కడా 5 లక్షలు దాటదు. మొదటి బాండు ఇప్పటికే మార్చింది.

మీరూ ఈ ఆదివారం వంట కాగానే పాసుపుస్తకాలు ముందేసుకుని, ఏ బ్యాంకులో ఎవరి పేరు మీద మొత్తం ఎంతుందో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో షేర్లుంటే డిపాజిటరీ నుంచి వచ్చే స్టేట్‌మెంటుతో సరిచూడండి, తాకట్టు గురించి వచ్చే మెసేజీలను చదవకుండా చెరపకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

మళ్ళీ వారం కలుద్దాం.