బూట్లు మార్చిన మంత్రి

1985, డిసెంబరు 12. పశ్చిమ జర్మనీలోని హెస్సె రాష్ట్ర శాసనసభ. కొత్త పర్యావరణ మంత్రి ప్రమాణ స్వీకారానికి లేచాడు. సభలో ఎవరూ అతని మొహంకేసి చూడటంలేదు. అందరి కళ్లూ అతని కాళ్లమీదే! జీన్స్ ప్యాంటు, మామూలు కోటు, కాళ్లకేమో తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. టై ఊసే లేదు. మంత్రి పదవికి ఇదేం వాలకమని పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. మర్నాడు దేశమంతా ఆ బూట్ల గురించే మాట్లాడుకుంది. ఆ జత ఇప్పుడు ఆఫెన్‌బాఖ్‌లోని తోలు వస్తువుల మ్యూజియంలో భద్రంగా ఉంది.

సరిగ్గా పదమూడేళ్లు తిరక్కుండానే ఆ మనిషే చక్కగా కుట్టించుకున్న సూటు తొడుక్కుని జర్మనీ విదేశాంగ మంత్రి కుర్చీలో కూర్చున్నాడు. ప్రభుత్వంలో ఛాన్సలర్ తర్వాతి స్థానం అతనిదే. పేరు జోష్కా ఫిషర్.

టాక్సీ పాఠాలు

ఫిషర్ 1948లో గెరాబ్రాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అతని కుటుంబం తరతరాలుగా హంగరీలో స్థిరపడ్డ జర్మన్లది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1946లో ఉన్న ఊరు వదిలి జర్మనీకి రావాల్సొచ్చింది. తండ్రిది మాంసం కొట్టే వృత్తి. కొడుక్కి పెట్టిన పేరు జోసెఫ్. మనం వెంకటేశ్వర్లుని వెంకీ అన్నట్టు హంగరీ వాళ్లు జోసెఫ్‌ని ముద్దుగా జోష్కా అంటారు. అదే స్థిరపడిపోయింది.

కుర్రాడికి చదువు అబ్బలేదు. హైస్కూలు మధ్యలోనే మానేశాడు. ఫొటోగ్రాఫర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరి అదీ వదిలేశాడు. 1968లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరాడు. యూనివర్సిటీలో పేరు నమోదు చేసుకోకుండానే పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పాఠాలు వినేవాడు. కార్మికుల్ని కూడగట్టడానికి ఓపెల్ కార్ల ఫ్యాక్టరీలో చేరితే వాళ్లు ఉద్యోగంలోంచి తీసేశారు. వీధుల్లో పోలీసులతో కలబడ్డ తీవ్రవాద యువకుల బృందంలోనూ ఉన్నాడు. 1977లో సాయుధ ముఠాల కిడ్నాపులు, హత్యలతో దేశం అట్టుడికిపోయాక హింసతో ఏదీ సాధించలేమన్న నిర్ణయానికొచ్చాడు.

1976 నుంచి ఐదేళ్లపాటు ఫ్రాంక్‌ఫర్ట్‌లో టాక్సీ నడిపాడు. వెనక సీట్లో కూర్చునే రకరకాల మనుషుల్ని చూశాకే నేల మీదికి దిగానని తర్వాత ఫిషరే చెప్పుకున్నాడు. డిగ్రీ లేని ఈ మంత్రిగారికి నిజమైన కాలేజీ ఆ టాక్సీయే!

ఐదు శాతం గీత

గ్రీన్స్ పార్టీ 1980లో పుట్టింది. అణు విద్యుత్తు వద్దనేవాళ్లు, యుద్ధాలు వద్దనేవాళ్లు, అడవులు కాపాడాలనేవాళ్లు, మహిళా హక్కుల కోసం పోరాడేవాళ్లు... అందరూ ఒక గొడుగు కిందికి చేరారు. పర్యావరణం, సామాజిక న్యాయం, కింది స్థాయి ప్రజాస్వామ్యం, అహింస- ఈ నాలుగే పార్టీకి మూలస్తంభాలు.

జర్మనీలో పార్టీలకు వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పార్లమెంటులో సీట్లు వస్తాయి. అయితే సాధారణంగా కనీసం ఐదు శాతం ఓట్లు తెచ్చుకోవాలి. 1983లో గ్రీన్స్‌కి 5.6 శాతం వచ్చాయి. పూలకుండీలు పట్టుకుని, స్వెట్టర్లు వేసుకుని సభలోకి నడిచొచ్చిన ఆ కొత్త సభ్యుల్లో ఫిషర్ ఒకడు.

లోపలికైతే వచ్చారు, మరి ఏం చేయాలి? పార్టీ రెండుగా చీలిపోయింది. అధికారంలో వాటా తీసుకుంటే సిద్ధాంతం మైలపడిపోతుందనేవాళ్లు ఒకవైపు. వీళ్లని 'ఫుండీ'లన్నారు. సగమో పావో సాధించాలన్నా ప్రభుత్వంలో ఉండాల్సిందేననే వాళ్లు రెండోవైపు. వీళ్లు 'రియాలో'లు. ఫిషర్ రెండో జట్టుకు నాయకుడు. హెస్సెలో సోషల్ డెమొక్రాట్లతో కలిసి మంత్రి అయింది ఆ వాదనతోనే.

పదవి చేపట్టి నాలుగు నెలలు దాటిందో లేదో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది. మరో పది నెలలకు, 1987 ఫిబ్రవరిలో, హనౌలోని ప్లుటోనియం కర్మాగారం అనుమతి విషయంలో రెండు పార్టీలకూ చెడి ప్రభుత్వం కూలింది. 1991లో మళ్లీ అదే శాఖకు మంత్రి అయ్యాడు. 1994లో తిరిగి జాతీయ పార్లమెంటుకు వెళ్లాడు.

ఈ మధ్యలో మరో పోరాటం, ఈసారి తన ఒంటితోనే! 1996 నాటికి ఫిషర్ బరువు 112 కిలోలు. పరుగు మొదలుపెట్టాడు. దాదాపు 75 కిలోలకు దిగాడు. 1998లో హాంబర్గ్ మారథాన్ పూర్తి చేశాడు. అదే ఏడాది సెప్టెంబరు ఎన్నికల్లో గ్రీన్స్‌కి 6.7 శాతం ఓట్లొచ్చాయి. గెర్హార్డ్ ష్రోడర్ ఛాన్సలర్‌గా జర్మనీ చరిత్రలో మొదటిసారి గ్రీన్స్ జాతీయ ప్రభుత్వంలో అడుగుపెట్టారు.

చెవి మీద ఎర్రరంగు

అసలు పరీక్ష ఐదు నెలలకే వచ్చింది. యుగొస్లావియాలోని కొసావోలో అల్బేనియన్ జాతి ప్రజల్ని సెర్బు బలగాలు ఊళ్లనుంచి తరిమేస్తున్నాయి. 1999 మార్చి 24న నాటో బాంబుదాడులు మొదలుపెట్టింది. జర్మనీ విమానాలూ వెళ్లాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్ సైనికులు యుద్ధంలో దిగడం అదే మొదలు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అనుమతి కూడా లేదు. ఆ నిర్ణయంలో భాగస్వామి... అహింసే మూలస్తంభమన్న పార్టీ!

మే 13న బీలెఫెల్డ్ నగరంలో పార్టీ ప్రత్యేక మహాసభ పెట్టారు. బయట నిరసనలు, లోపల ఈలలు, కేకలు. వేదిక మీదున్న ఫిషర్ మీదికి ఎవరో ఎర్రరంగు నింపిన సంచి విసిరారు. అది కుడిచెవికి తగిలి పగిలింది. కర్ణభేరి దెబ్బతింది. ఫిషర్ ఇంటికి పోలేదు. రంగు మరకల కోటుతోనే మైకు ముందుకొచ్చాడు. తన రాజకీయాలకు రెండే పునాదులన్నాడు... మళ్లీ యుద్ధం వద్దు, మళ్లీ ఆష్విట్జ్ వద్దు. ఒక జాతిని తరిమేస్తుంటే చూస్తూ ఊరుకుని మొదటి మాటను నిలబెట్టుకోవడం తనవల్ల కాదన్నది ఆయన వాదన. యూదుల మారణహోమాన్ని ఈ యుద్ధానికి సాకుగా వాడుకున్నాడని ఎదుటివాళ్లు మండిపడ్డారు. ఓటింగులో నాయకత్వం తీర్మానానికి 444, వ్యతిరేక తీర్మానానికి 318 ఓట్లు వచ్చాయి. ఫిషర్ గెలిచాడు. పార్టీ పుట్టినప్పటి నుంచీ ఉన్న కార్యకర్తలు ఎందరో సభ్యత్వం వదిలేసి వెళ్లిపోయారు.

మరి ఆ మూల్యానికి పార్టీకి దక్కిందేమిటి? 2000లో పునరుత్పాదక ఇంధన చట్టం వచ్చింది. సూర్యరశ్మితోనో గాలితోనో కరెంటు తయారు చేసేవాళ్లకు ఇరవై ఏళ్లపాటు స్థిరమైన ధర ఇచ్చి కొనాల్సిందేనని ఆ చట్టం చెప్పింది. దాంతో రైతుల కొట్టాల కప్పుల మీద కూడా సోలార్ పలకలు వెలిశాయి. 2002లో అణు విద్యుత్తుకు క్రమంగా స్వస్తి పలికే చట్టం వచ్చింది. మధ్యలో ప్రభుత్వాలు మారి గడువులు అటూ ఇటూ అయినా 2023 ఏప్రిల్ 15న చివరి మూడు అణు కేంద్రాలూ ఆగిపోయాయి.

నాకు నమ్మకం కుదర్లేదు

2001 జనవరిలో గతం తలుపు తట్టింది. 1973లో ఫ్రాంక్‌ఫర్ట్ వీధిలో హెల్మెట్ పెట్టుకున్న యువకుడొకడు పోలీసును కొడుతున్న ఫొటోలు పత్రికలో అచ్చయ్యాయి. ఆ యువకుడు ఫిషరే. బుకాయించలేదు. ఆ పోలీసుకు క్షమాపణ చెప్పాడు. రాజీనామా చేయాలని ప్రతిపక్షం పట్టుబట్టినా పదవిలో నిలిచాడు.

2003 ఫిబ్రవరి. మ్యూనిక్ భద్రతా సదస్సు. ఇరాక్ మీద యుద్ధం ఎందుకు అవసరమో అమెరికా రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ చెబుతున్నాడు. జర్మన్‌లో మాట్లాడుతున్న ఫిషర్ ఉన్నట్టుండి ఇంగ్లిషులోకి మారాడు. క్షమించండి, నాకు నమ్మకం కుదర్లేదన్నాడు. ఆ యుద్ధానికి జర్మనీ సైన్యం వెళ్లలేదు. అమెరికా చెప్పిన సామూహిక మారణాయుధాల నిల్వలు ఇరాక్‌లో దొరకనేలేదు.

ఆయన హయాంలోనే భద్రతామండలిలో శాశ్వత స్థానం కోసం జర్మనీ, జపాన్, బ్రెజిల్‌లతో మన దేశం చేతులు కలిపింది. ఆ నాలుగు దేశాల కోరికా ఇప్పటికీ తీరలేదు.

2005లో వీసాల కుంభకోణం చుట్టుముట్టింది. విదేశాంగ శాఖ సడలించిన నిబంధనల్ని ఆసరా చేసుకుని కీవ్ నుంచి మోసగాళ్లు వీసాలు సంపాదించారన్నది ఆరోపణ. పార్లమెంటరీ కమిటీ ఫిషర్‌ను పన్నెండు గంటలకు పైగా ప్రశ్నించింది. దేశమంతా టీవీలో చూసింది. తప్పులకు బాధ్యత తనదేనన్నాడు. ఆ ఏడాదే ప్రభుత్వం ఓడింది. 2006లో పార్లమెంటు సభ్యత్వం వదిలేసి అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు... హైస్కూలు పూర్తి చేయని మనిషి! తర్వాత నబుకో గ్యాస్ పైపులైనుకు సలహాదారుగా చేరితే పాత మిత్రులు పెదవి విరిచారు. తగ్గించుకున్న బరువూ తిరిగొచ్చింది.

2021 చివర్లో గ్రీన్స్ నాయకురాలు అనలేనా బేర్‌బాక్ అదే విదేశాంగ శాఖ చేపట్టింది. మూడు నెలలు గడవకముందే రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్లింది. యుక్రెయిన్‌కి ఆయుధాలు పంపాలా వద్దా? బీలెఫెల్డ్‌లో లేచిన ప్రశ్నే మళ్లీ వచ్చింది. ఈసారి పార్టీ పెద్దగా తడబడలేదు, పంపాలంది. ఎవరూ రంగు సంచి విసరలేదు. అది ఎదగడమా, మొదటి మాట మరిచిపోవడమా అని పాత కార్యకర్తల్ని అడిగితే మాత్రం నేటికీ రెండు జవాబులొస్తాయి.