దూరపు పక్షులు – దగ్గరి లెక్కలు

దూరపు కొండలు నునుపు అన్నారు మన పెద్దలు. దూరపు పక్షుల సంగతీ అంతే. పులికాట్ ఒడ్డున నిలబడి చూస్తే, బురదమీద పరుగెత్తే ఉల్లంకి పిట్టలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్ కాళ్లు పసుపు. ఆ తేడా అంత దూరాన పట్టుకోవాలంటే బైనాక్యులర్ చాలదు. స్పాటింగ్ స్కోప్ అనే చిన్న టెలిస్కోపు కావాలి. "అది డబ్బున్నవాళ్ల సరదా కదండీ!" అంటారు మిత్రులు. కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

బజారులో చవకరకం స్కోపుల పెట్టెలమీద అరవై రెట్లు, వంద రెట్లు అని పెద్ద అంకెలుంటాయి. ఆ మాయలో పడకండి. ముందుటద్దం వెడల్పును రెట్ల సంఖ్యతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు పుంజం మందం తెలుస్తుంది. 60 మి.మీ. అద్దానికి 20 రెట్ల దగ్గర అది 3 మి.మీ.; 60 రెట్ల దగ్గర ఒక్క మి.మీ. మాత్రమే. బొమ్మ పెద్దదవుతుంది, మసకబారుతుంది. పైగా మన ఎండలు! పొద్దెక్కి నీటిమీద గాలి వేడికి వణుకుతుంటే, ఎంత ఖరీదైన స్కోపయినా ఎక్కువ రెట్లతో సాధించేది లేదు. కాబట్టి 20, 30 రెట్ల దగ్గర స్పష్టంగా చూపించేదే మంచి స్కోపని నా అభిప్రాయం. 80 మి.మీ. అద్దం ముప్పాతిక వంతు ఎక్కువ వెలుగు తెస్తుంది, నిజమే. దానితో బాటు బరువూ, ఖరీదూ తెస్తుంది. బస్సెక్కి వెళ్లే మనకు 60, 65 చాలు.

కంటి గొట్టం ఏటవాలుగా ఉన్నదే తీసుకోవాలి. పొట్టివాళ్ల ఎత్తుకు పెడితే పొడుగువాళ్లు కాస్త వంగి చూస్తారు. పదిమందికి ఒక్క స్కోపు సరిపోతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు జోడు తీయకుండానే బొమ్మ మొత్తం కనిపిస్తుందో లేదో షాపులోనే చూసుకోవాలి. దూరాన ఉన్న బోర్డు అక్షరాలు చదవండి. ఆకాశం ముందున్న కరెంటు తీగను చూడండి. దాని అంచున ఊదా, ఆకుపచ్చ రంగులు దట్టంగా కనిపిస్తే అద్దం నాసిరకమన్నమాట. ఇక స్టాండు. స్కోపు కొని స్టాండు దగ్గర పిసినారితనం చూపడమంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమే. గాలికి వణికే స్టాండుమీద ఏ స్కోపూ పనిచెయ్యదు.

అయితే ఎవరికి వారు కొనుక్కోవాలా? అక్కర్లేదు. సొంతానికి ముందు ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు. స్కోపు మాత్రం మన యూనియన్ ఒక్కటి కొనాలి. "లైబ్రరీ పుస్తకాలకే డబ్బు లేదు, పిట్టలకెక్కడిది?" అంటారేమో! కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ సరస్సుకు ఎంత హద్దు ఉండాలన్న వాదం ఆ తర్వాతా సాగింది. అలాంటి వాదంలో రైతుకూ, జాలరికీ మాట్లాడే నోరుంది; పక్షి తరపున మాట్లాడేవి అంకెలే. 1987లో మొదలై ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో ఆ అంకెలు సేకరించేది ఎక్కువగా జీతంలేని ఔత్సాహికులే. అద్దం కొనగలిగినవాడే లెక్కపెట్టగలిగితే, ఆ చెరువుగట్టున పుట్టి పెరిగిన కుర్రవాడు తన ఊరి పక్షులను గురించి ఇతరులు చెప్పింది వినవలసిందే తప్ప, తాను చెప్పగలిగిందేమీ ఉండదు. నాకు బాధగా ఉన్నది అదే.

ఒక్క మనవి. కొన్న స్కోపు బీరువాలో పెట్టి తాళం వేస్తే కొనకపోవడమే మేలు. రిజిస్టరులో సంతకం పెట్టిన ఏ విద్యార్థికైనా, జువాలజీ చదివినా తెలుగు చదివినా, ఆదివారం పొద్దున అది చేతికి అందాలి. అలా అయితేనే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది.