లోజేబులో ఉబ్బు

మా వీధి చివర ఒక దర్జీ ఉన్నాడు. లాల్చీకి లోజేబు కుట్టడంలో అనంతపురంలో తనను మించినవాడు లేడని ఆయనే చెప్పుకుంటాడు, నేనూ కాదనను. మామూలు జేబు కాదది. ఎడమ చంక కింద, రెండు పొరల గుడ్డతో, బరువుకు పిగలకుండా మూలల్లో అడ్డకుట్లు వేసి కుట్టే జేబు. అందులో ఏం పెట్టుకుంటారని ఆయన అడగడు. లోతెంత, వెడల్పెంత అంటాడు, అంతే.

మొన్న ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వెళ్తే, నాకంటే ముందే ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో పాత పేపరు ముక్క. దాని మీద రివాల్వర్ పెట్టి, పిల్లలు అరచెయ్యి పెట్టి గీసుకున్నట్టు, చుట్టూ పెన్సిల్‌తో గీసుకొచ్చాడు. గొట్టం బొటనవేలంత. ఆ వెనక గుండ్లు తిరిగే చక్రం మాత్రం బొద్దుగా, పొట్ట పెరిగిన మనిషిలా ఉంది. దర్జీ టేపు పెట్టి కొలిచి పెదవి విరిచాడు.

"గొట్టం పొట్టిదైతే నాకేం లాభం అన్నా? ఈ నడిమి గుండ్రం ఉండాదే, ఇది బయటికి తంతాది. ఎన్ని పొరలేసినా తెలుస్తాది."

"తెలిస్తే తెలియనీలేప్పా" అన్నాడు పెద్దమనిషి.

ఆ మాట విన్నాక నా ప్యాంటు సంగతి మర్చిపోయాను.

పెద్ద ఫ్రేమ్, పొట్టి గొట్టం అన్నది పాత బేరమే. గుండు బలమైనదైతే వెనక్కి తన్నే దెబ్బ కూడా బలమైనదే. ఆ దెబ్బను మింగడానికి ఇనుము బరువు కావాలి కాబట్టి ఫ్రేమ్ పెద్దది, దాచుకోవాలి కాబట్టి గొట్టం పొట్టిది. అమెరికాలో కోల్ట్ కంపెనీ మనిషి జాన్ హెన్రీ ఫిట్జ్‌జెరాల్డ్ 1920ల్లో న్యూ సర్వీస్ అనే భారీ రివాల్వర్ల గొట్టాలను రెండంగుళాలకు కోయించి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని ముందు వైపు తీసేయించి, అలాంటివి రెండు ప్యాంటు ముందు జేబుల్లో వేసుకుని తిరిగేవాడంటారు. ఆయన జేబులు కుట్టిన దర్జీ ఎవరో గానీ, ఆ చేతికి దండం పెట్టాలి. పొట్టి గొట్టంతో లాభం కూర్చున్నప్పుడూ కారు దిగేటప్పుడూ తెలుస్తుంది. గుడ్డ మీద ఉబ్బెత్తుగా కనిపించేవి చక్రమూ పిడీ. మా దర్జీ ఏ పుస్తకమూ చదవకుండా చెప్పింది అదే.

మన దగ్గర ఆ బేరానికి అర్థం ఇంకా తక్కువ. .38, 9 ఎంఎం లాంటివి మామూలు పౌరుడికి నిషిద్ధం. లైసెన్సు తెచ్చుకున్న కాంట్రాక్టరైనా, భూస్వామైనా ఎక్కువగా చివరికి చేరేది .32 దగ్గరికే. అది మెత్తని గుండు, దాని తన్నుకు కిలో ఇనుము అక్కర్లేదు. కాన్పూర్ ఫ్యాక్టరీ నుంచి 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అరకిలో తూగుతుంది. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్ 675 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు. నిర్భీక్‌ను ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు కోసమని చెప్పి తెచ్చారు. అప్పటి ధర లక్షా ఇరవై రెండు వేలు! ఉపాధి పనికి తట్ట ఎత్తే మా ఆడవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

విదేశీ రివాల్వర్లు మామూలుగా దిగుమతి కావడం 1980ల్లోనే ఆగిపోయింది. అంతకుముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతుంటాయి, లక్షలు పలుకుతుంటాయి. పేపరు ముక్క మీదున్నది అలాంటిదే, వాళ్ల నాయన నుంచి వచ్చిందట. నాయన ఇచ్చింది కాబట్టి మోస్తున్నాడంటే నాకు అర్థమవుతుంది. రోజూ మోయడానికి ఎంచుకున్నానంటే మాత్రం ఒప్పుకోను. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరు మాది. బనీను వీపుకు అంటుకుపోయే ఎండలో కిలో ఇనుము చంకలో పెట్టుకుంటే భుజం లాగుతుంది, చెమట ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది. నన్నడిగితే తేలికైనదే మేలు. పిడి అరచేతికి నిండితే, ట్రిగ్గర్ వేలికి అందితే చాలు. వాళ్ల నాయన పోయాక ఎన్ని గుండ్లు కాల్చి చూశారని అడిగాను. నవ్వాడు. ఏటా ఆయుధపూజకు తీసి తుడిచి బొట్టు పెడతాడట.

అమెరికాలో తుపాకీని దాచి మోయడానికి చాలా రాష్ట్రాల్లో వేరే అనుమతి అడిగేవారు, దాని మీద ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. మన 2016 నిబంధనలు నలుగురిలోకి పోయేటప్పుడు తుపాకీ తొడుగులో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి అంటాయి. ఇక్కడ దాచడం హక్కు కాదు, షరతు. పెళ్లి ఊరేగింపులో సరదాగా గాల్లోకి కాల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. అంటే చట్టం దాచమంటుంది, మనవాళ్లకేమో కనిపించాలి. ఈ రెంటికీ మధ్య కుదిరిన రాజీయే ఆ ఉబ్బు.

తుపాకీ కాపాడుతుందా అంటే, ఈ సీమలో ఆ లెక్క నాకు ఎన్నడూ తేలలేదు. ఫ్యాక్షన్ అంటే వేటకొడవలి, నాటుబాంబు. 1997 నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలి 26 మంది పోయారు. గురి పెట్టింది అనంతపురం నాయకుడు పరిటాల రవికి, ఆయన బతికారు. 2005 జనవరి 24న అనంతపురంలోనే, పార్టీ ఆఫీసు దగ్గర, గన్‌మెన్ వెంట ఉండగానే ఆయన్ని కాల్చి చంపారు. 2011 జనవరి 3న ఆయన ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి హైదరాబాదులో కారులో పోతూ చనిపోయాడు. కాల్చింది ఎదురువర్గం కాదు, అదే కారులో ఉన్న సొంత అనుచరుడు. ఎదుటివాడు వస్తాడని తుపాకీ కొనుక్కుంటారు. పక్కన కూర్చున్నవాడి సంగతేమిటి?

అన్నిటికంటే విచిత్రం ఎన్నికలప్పుడు. కోడ్ రాగానే ఎక్కువమంది లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి. మనిషి నిజంగా భయపడే ఆ రెండు మూడు నెలలు అవి చీటీ కట్టించుకుని బీరువాలో పడుకుంటాయి. 2024 మేలో పోలింగ్ అయిన మర్నాడు తాడిపత్రిలో రాళ్లు ఎగిరినప్పుడు, చేతికి దొరికింది రాయే కదా మరి.

ఆ ఎన్నికలప్పుడు మీరేం చేశారని పెద్దమనిషిని అడిగాను. తుపాకీ స్టేషన్లో ఇచ్చేసి, ఖాళీ జేబు వెలితిగా ఉందని షుగర్ మాత్రల స్టీలు డబ్బా అందులో వేసుకుని తిరిగాడట. కొంచెం గుండ్రంగా ఉంటుంది డబ్బా.

"ఎవరికైనా తేడా తెలిసిందా?"

"యాడ తెలుస్తాది సామీ! ఎప్పటి మాదిరే పక్కకు జరిగి దోవ ఇచ్చిరి."

దర్జీ టేపు మడిచి మెడలో వేసుకున్నాడు. జేబు ఒకటే కొలతకు కుడతానని, డబ్బాకూ అదే సరిపోతుందని చెప్పి నా ప్యాంటు అందుకున్నాడు.